పీహెచ్‌డీ అయ్యాక మానసిక ఆరోగ్య పరిశోధనకి సర్కారు గ్రాంటు వస్తుందా? సిక్కోలు మనిషిగా నా జవాబు

ప్రశ్న ఇదీ: "సైకాలజీలో పీహెచ్‌డీ అయింది. అమెరికాలో ఎన్ఐఎంహెచ్ (అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) ఇచ్చే కె అవార్డుల్లాంటి కెరీర్ గ్రాంట్లు మన ప్రభుత్వం కూడా ఇస్తుందా? ఊరు వదలకుండా శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో అప్లై చెయ్యొచ్చా?"

ఇస్తుంది. చెయ్యొచ్చు. నాకు రెండోసారికి వచ్చింది. ఏ పథకమో మాత్రం చెప్పను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నాను.

పేర్లు గబగబా చెప్పేస్తాను. కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉన్న ఆరోగ్య పరిశోధన విభాగం, పెళ్ళికో పిల్లలకో ఉద్యోగం ఆపేసిన ఆడవాళ్ళకి ఫెలోషిప్ పెట్టింది. డీఎస్టీలో, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగంలో, మహిళా శాస్త్రవేత్తలకి వైజ్-కిరణ్ ఉంది, మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చూసే కాగ్నిటివ్ సైన్స్‌కి విడిగా సీఎస్ఆర్ఐ అని ఒకటి ఉంది. మన బయోటెక్నాలజీ విభాగం, లండన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఉంది. అది వచ్చిందంటే ఊళ్ళో బ్యానర్ కట్టుకోవచ్చు. వయసు, గడువు లాంటి షరతులు మారుతూనే ఉంటాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి, నా మాట పట్టుకుని వెళ్ళకండి.

ఇక కె అవార్డులు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నాడు కాబట్టి వాటి గురించి మా ఇంట్లో సంక్రాంతికి కూడా చర్చ జరుగుతుంది. వాటిలో చాలావాటికి అక్కడి పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి, పోస్ట్‌డాక్‌లకిచ్చే కె99కి మాత్రం అక్కర్లేదు. అన్నయ్య చెప్పినదాంట్లో నన్ను మింగేసిన ముక్క అది కాదు. ఆ అవార్డు తీసుకున్నవాడి పనివేళల్లో కనీసం 75 శాతం, అంటే ఏడాదిలో తొమ్మిది నెలలు, పరిశోధనకే ఇస్తామని వాడి సంస్థ రాసివ్వాలట. వాళ్ళు కొనేది ప్రాజెక్టుని కాదు, మనిషి టైముని. ఇది విన్న రోజు నేను నాలుగు గంటల ఇన్విజిలేషన్ చేసి, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ళకి ఫ్లాగులు అంటించి ఇంటికొచ్చాను.

ఆ టైము ఎందుకు కావాలో తెలియాలంటే 2019లో జరిగింది చెప్పాలి.

అప్పుడు నేను ఇంకొకరి సర్వేలో ప్రాజెక్ట్ అసిస్టెంటుని. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటింది. ఆరు నెలలయ్యాక వజ్రపుకొత్తూరు మండలంలో ఓ ఊరికి వెళ్ళాను. మొవ్వులు విరిగిన కొబ్బరి చెట్లు స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. చేతిలో పీహెచ్‌క్యూ-9 కాగితం, డిప్రెషన్ ఉందేమో చూసే ప్రశ్నల పట్టిక. అందులో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం పదికి చేరినా, దాటినా మనిషిని జాగ్రత్తగా చూడాలి. అనుమతి అడక్కుండా, డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు. అందుకే మన దేశంలో అందరి సంచీలోనూ అదే.

నా ఎదురుగా కూర్చున్నావిడ జీడిపిక్కలు కొట్టే మనిషి. మొగుడికి ఉద్దానం జబ్బు, కిడ్నీలు పోయాయి, వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. ముందు సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయమన్నాను. వేసింది. గీతలు పడలేదు. జీడి నూనె వేలి చర్మాన్ని ఎప్పుడో తినేసింది. కాగితం మీద ఓ నల్ల మరక మాత్రం పడింది. ఆవిడే చెప్పింది: "మిషన్ మీద పెట్టినా పడదమ్మా, డీలరు తిట్తాడు."

మొదటి ప్రశ్న, గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి గానీ ఆనందం గానీ తగ్గిందా. "పన్జేత్తే ఆనందమేటమ్మా? పిక్క కొడితే సెయ్యి కాలుద్ది." మూడు వేశాను. రెండోది, నిస్పృహగా ఉంటోందా. "అదేటమ్మా?" తడుముకుని బెంగగా ఉంటోందా అన్నాను. "నాకు బెంగేల? మా గుంటడు మెడ్రాస్ నుంచి ఒచ్చేసినాడు గదా." మనకి బెంగంటే మనిషి దూరమైతే పట్టేది. కొడుకు వచ్చేశాడు కాబట్టి బెంగ లేదు. సున్నా. నిద్ర సంగతి అడిగితే, మూడింటికే లేచి ఆయన్ని పలాస తీసుకెళ్ళాలి, మిగతా రోజులు తోట వైపు ఎలుగొడ్డు తిరుగుతోందని భయం. ఇది డిప్రెషనా, డయాలసిస్సా, ఎలుగుబంటా? మూడు వేశాను. నీరసానికి మూడు, తిండికి రెండు. పేపరు చదివేటప్పుడో టీవీ చూసేటప్పుడో మనసు నిలవడం లేదా అని అడిగితే నవ్వింది. "నాకు సదువు నేదు. టీవీ తిత్లీకి పోనాది." ఆ గడి ఖాళీ.

మొత్తం పదకొండు. పది దాటింది.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. అత్తగారు పక్కనే కూర్చుని ఉంటే నోరు రాలేదు. నూతి దగ్గరికి నీళ్ళకి వెళ్తే వెనకే వెళ్ళి అడిగాను. ఆవిడ బిందె గట్టు మీద పెట్టి నా వైపు చూసింది. "మరి ఆయన్ని పలాస ఎవులు తీస్కెల్తారమ్మా?" అంది. చెప్పండి, ఏ గడిలో టిక్ పెట్టాలి? వెళ్ళొస్తానన్నప్పుడు తనంతట తనే మరో మాట చెప్పింది: "రాత్రిళ్ళు గుండెల మీద ఎవులో కూకున్నట్టుంటాది." ఆ మాటకి నా కాగితంలో గడే లేదు. నా లెక్కలో ఆవిడకి దిగులు సున్నా! నంబరు సరైనదే వచ్చింది, అన్నీ తప్పుడు కారణాలతో. (ఆ వారంలోనే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళాం. మందులు మొదలయ్యాయి. అది వేరే కథ.)

నా గ్రాంటు ప్రపోజల్ అక్కడే పుట్టింది. సోంపేట నుంచి సాలూరు దాకా మన జనం మనసు బాగోలేనప్పుడు ఏ మాట అంటారో రెండేళ్ళు కూర్చుని వినాలి, దాన్నిబట్టి ప్రశ్నలు మళ్ళీ రాయాలి. మొదటిసారి ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన "ఇది పరిశోధనా, ట్రాన్స్‌లేషనా?" అన్నారు. ఆయనా తెలుగువారే, అదీ బాధ. ఉత్తరాంధ్ర మాట సినిమాలో కమెడియన్‌కి తప్ప పనికిరాదని మనవాళ్ళలో చాలామందికి గట్టి నమ్మకం. రెండోసారి అదే ప్రపోజల్‌లో "కల్చరల్ అడాప్టేషన్" (ప్రశ్నల్ని మన జనానికి నప్పేలా మార్చడం), "సైకోమెట్రిక్ వ్యాలిడేషన్" (అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూడటం) అని రెండు మాటలు పెట్టాను. వచ్చేసింది! పని ఒక్క అక్షరం మారలేదు.

ప్రతి మీటింగులోనూ దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని స్లైడ్ వేస్తారు. అది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వే. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశ్ లేదు. మన నూతి గట్టు దగ్గరికి ఎవరూ రాలేదన్నమాట. ఇంటర్వ్యూలో ఇది చెప్పండి, మార్కులు పడతాయి. నాకు పడ్డాయనే నా నమ్మకం.

ఊరు వదలకుండా అని అడిగారు కదా. అసలు ఇబ్బంది తెలివితో కాదు, ఆతిథ్య సంస్థతో. మీ జీతం వాళ్ళ ఖాతాలోంచి రావాలి, ఫార్వార్డింగ్ లెటర్ వాళ్ళివ్వాలి, పరిశోధనలో జనానికి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఉండాలి. ఆ కమిటీ కూడా ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర రిజిస్టరై ఉండాలి. డిగ్రీ కాలేజీలో అది ఎక్కడ్నుంచొస్తుంది? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఒప్పందం రాసుకుని ఇంకో సంస్థ కమిటీకి వెళ్ళొచ్చు. ఈ ముక్క మా కాలేజీ ఆఫీసులో చెబితే "మేడమ్, ఒప్పందాలు మాకొద్దు" అన్నారు. ప్రింటు తీసి, ఆ పేరా కింద ఎర్ర గీత గీసి టేబుల్ మీద పెట్టాక కదిలింది. మెంటార్ దొరకడం దీనికంటే తేలిక. బెంగళూరుకి ఒక మంచి మెయిల్ రాస్తే చాలు. తర్వాత ఆమదాలవలసలో ప్రశాంతి ఎక్కి వెళ్ళి కలవండి. బెర్త్ దొరికితేనే ఆ పేరుకి అర్థం.

ఇక తిట్టు. శాంక్షన్ ఆర్డర్ మేలో వచ్చింది, మొదటి రిలీజ్ డిసెంబరులో. ఏడు నెలలు మా ఆయన జీతం మీద ఫీల్డ్ వర్క్ చేశాను. రెండో ఏడాది డబ్బు కావాలంటే యూసీ (మొదటి డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్) పంపాలి, యూసీ మీద ఆడిటర్ సంతకం కావాలి, ఆడిటర్‌కి కాలేజీ ఖాతాలో నా డబ్బు విడిగా కనిపించాలి. అది పరీక్ష ఫీజుల్లో కలిసిపోయింది. ఇంతలో కాలేజీవాళ్ళు "మీరు మా స్టాఫ్ కాదు" అని లైబ్రరీ కార్డు ఇవ్వలేదు గానీ, "ఫెలోషిప్ వస్తోంది కదా" అని సెమిస్టర్ పరీక్షలకి పిలిచేవారు. మా అన్నయ్యకి చెబితే 75 శాతం కాగితం చూపించమన్నాడు. అసలు ఆ కాగితం మన పథకాల్లో కూడా ఉండాలి, ప్రిన్సిపాల్ సంతకంతో, గంటలతో సహా. డబ్బు పెంచకపోయినా ఫర్వాలేదు.

కాబట్టి అప్లై చెయ్యండి. ఆన్‌లైన్‌లో పెట్టాక కొన్నిచోట్ల హార్డ్ కాపీలు కూడా అడుగుతారు, జెరాక్స్‌కి వెయ్యి రూపాయలు పక్కన పెట్టుకోండి. గడువు అక్టోబరులో పడితే మాత్రం దసరాకి ముందే సంతకాలు తెచ్చుకోండి. నేను మొదటిసారి విజయనగరంలో దసరా అయ్యాక వచ్చే పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడే సరిగ్గా లెటర్ కోసం వెళ్ళాను. కోట దగ్గరే ఆటో ఆపేశారు, ఫైలు చంకలో పెట్టుకుని ఆ జనంలో నడిచి వెళ్తే ఆఫీసుకి తాళం. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేస్తే డప్పుల మోతలో ఒక్క ముక్కే వినబడింది: "అమ్మోరు వచ్చేస్తోందమ్మా, రేపు రా." గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటికి.