రైతు ప్రశ్నలు: బస్తా మార్చే ముందు గొయ్యి తీసి చూడండి

ప్రశ్న: మాది ప్రత్తిపాడు మండలం, నల్లరేగడి. ఎనిమిదేళ్లుగా అదే పొలం చెక్కలో మిరప వేస్తున్నాం. ఎకరాకు నాలుగైదు కట్టల డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) పడుతోంది. అయినా మొక్క గిడసబారుతోంది, లేతాకు పాలిపోతోంది, వాన పడితే నీరు ఇంకడం లేదు. ఇంకేం వెయ్యాలి?

జవాబు: వెయ్యడం సంగతి తర్వాత చూద్దాం. ముందు పార తీసుకుని చేలోకి దిగండి. మొక్క ఏపుగా ఉన్నచోట ఒకటి, గిడసబారినచోట ఒకటి, అడుగున్నర లోతు గోతులు తియ్యండి. గోతి గోడను చాకు మొనతో పైనుంచి కిందికి గీరుతూ రండి. పై నాలుగైదు అంగుళాల మట్టి ఇట్టే రాలిపోతుంది. దాని కింద చాకు దిగక, మట్టి పలకలు పలకలుగా ఊడివస్తుంటే అదే గట్టిపొర. అక్కడ ఒక మొక్కను వేరు తెగకుండా తవ్వి తియ్యండి. తల్లివేరు ఆ పొర దాకా నిటారుగా దిగి, అక్కడినుంచి పక్కకు తిరిగి ఉంటుంది. అలాంటి మొక్కకు కింద అడుగు మట్టిలో ఎంత తేమ, ఎంత పోషకం ఉన్నా అందదు. నీరు ఇంకనిదీ ఆ పొర వల్లే.

ఏటా ఒకే లోతులో, తేమ ఎక్కువగా ఉండగానే రోటవేటర్ (ట్రాక్టర్ వెనక తిరిగే కత్తుల యంత్రం) తిప్పడం వల్ల ఈ పొర ఏర్పడుతుంది. కత్తులు పై మట్టిని పిండి చేస్తాయి, వాటి మొనలు తగిలేచోట బంకమట్టిని అదిమేస్తాయి. రేగడికి ఎండలో నెర్రెలిచ్చి తనను తాను సరిచేసుకునే గుణం ఉంది. కానీ ఏప్రిల్ దాకా తడులు పెట్టి, కోతలు అవగానే మళ్లీ దున్నేస్తే నెర్రెలివ్వడానికి దానికి వ్యవధేదీ?

ఏప్రిల్, మే నెలల్లో చేను బాగా ఎండాక సబ్‌సాయిలర్‌తో (అడుగు మట్టిని చీల్చే ట్రాక్టర్ పరికరం) నాలుగైదు అడుగులకొక చాలు చొప్పున అడుగున్నర లోతు చీల్చండి. దానికి ముందు అడుగు లోతు మట్టి తీసి అరచేతుల మధ్య నులమండి. తాడులా సాగితే ఇంకా పచ్చి ఉన్నట్టే, ఆగండి. పచ్చిలో చీలిస్తే పొర పగలదు, ఇనుము వెళ్లినమేర గాడి మాత్రం పడుతుంది. ఈ పని మూడేళ్లకు ఒకసారి చేస్తే చాలు. ఆ తర్వాత రోటవేటర్ మానేసి గొర్రుతో సరిపెట్టుకోండి.

ఇక డీఏపీ లెక్క చూద్దాం. నీటి వసతి కింద మిరపకు ఎకరాకు సిఫారసు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. 50 కిలోల డీఏపీ కట్టలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. అంటే ఒక్క కట్టతోనే పంట అవసరం దాదాపు తీరిపోతోంది, మిగతా మూడు నాలుగు కట్టల భాస్వరం మీరు ఏటా నేలలో పాతిపెడుతున్నారు. సున్నం ఎక్కువున్న రేగడిలో అది కాల్షియంతో కలిసి బిగుసుకుపోతుంది, జింకు, ఇనుము మొక్కకు అందకుండా అడ్డుపడుతుంది. లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చెయ్యండి. ఆకు రంగు తిరుగుతుంది గానీ అది ఈ ఏటికే. మళ్లీ డీఏపీ గుమ్మరిస్తే మళ్లీ అదే కథ.

వేసవిలో మట్టి పరీక్ష చేయించండి. ఎకరాలో ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతు ‘వి’ ఆకారంలో తవ్వి, అంచు నుంచి పైనుంచి కిందిదాకా సమానంగా మట్టి తియ్యాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు పోసినచోట తియ్యొద్దు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగలనివ్వండి. నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పొయ్యండి. ఎరువుల సంచిలో పోస్తే ఫలితం తప్పుతుంది. రిపోర్టులో భాస్వరం ఎకరాకు 24 కిలోలు దాటితే సిఫారసులోనే 30 శాతం తగ్గించవచ్చు. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే అసలు లోటు అదే. తొలకరికి పచ్చిరొట్టగా జనుము చల్లి పూత దశలో, అంటే నలభై, నలభైఐదు రోజులకు కలియదున్ని, మిరప ఆగస్టులో నాటండి. ఒక ఏడాదైనా ఆ చెక్కలో జొన్న గానీ శనగ గానీ వెయ్యాలి.

మీది కౌలు చేనయితే ఇదంతా ఒక్కరి మీద పడే భారం. వచ్చే ఏడు ఎవరి చేతికి పోతుందో తెలియని చేనుకు పశువుల ఎరువు ఎవరు తోలతారు? ఎరువు, లోతు దుక్కి ఖర్చులో సగం యజమాని పెట్టుకోవాలి, కౌలు కనీసం మూడేళ్లకు రాసుకోవాలి. నేల ఆయనదే కదా!

ప్రశ్న: తెనాలి దగ్గర మాగాణి. వరి మిషన్‌తో కోయించి, గడ్డి తగలబెట్టి, దున్నకుండా మొక్కజొన్న వేస్తున్నాం. కాలిస్తే బూడిద ఎరువే కదా?

జవాబు: బూడిదలో పొటాష్ కొంత మిగులుతుంది గానీ నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. టన్ను వరిగడ్డిలో 5, 6 కిలోల నత్రజని, 20 కిలోల పైన పొటాష్ ఉంటాయి. కర్బనం సంగతి వేరే చెప్పాలా? వీలైతే గడ్డి కట్టలు కట్టించి పశువులకు పంపండి, కొయ్యకాళ్లు మాత్రం చేలోనే ఉండనివ్వండి. వచ్చే వరికి ముందు వాటిని నీటిలో కలియదున్నేటప్పుడు ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేటు చల్లి, రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. మగ్గకముందే నాటితే గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నత్రజనిని లాక్కుంటాయి, పైరు పసుపెక్కుతుంది. మొక్కజొన్న ఏటా కాకుండా మధ్యలో ఒక ఏడు వరికోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుకోవడం నేలకు మంచిది. చేలో కాలు దిగబడుతుండగా మిషన్ దించకండి, దాని చక్రాల కింద అణిగిన మట్టి రబీ అంతా వేరును ఆపుతుంది.

ప్రశ్న: రేపల్లె వైపు మా వరిచేను పక్కనే రొయ్యల చెరువు తవ్వారు. చేలో తెల్లగా ఉప్పు తేలుతోంది. జిప్సం వెయ్యమంటున్నారు, వెయ్యమంటారా?

జవాబు: పాల చౌడో (ఉప్పు తేలిన నేల), కారు చౌడో (సోడియం పట్టిన నేల) తేలేదాకా వద్దు. పటిక బెల్లం ముక్కంత ఎండు మట్టిగడ్డను గ్లాసు వాననీటిలో వదిలి కదపకుండా రెండు గంటలు ఉంచండి. గడ్డ చుట్టూ నీరు మసకబారి తేరుకోకుంటే సోడియం పట్టిన కారు చౌడు. గడ్డ విరిగినా నీరు తేటగానే ఉంటే పాల చౌడు కావచ్చు. అయితే ఉప్పు బాగా ఎక్కువగా ఉన్నప్పుడు సోడియం ఉన్నా నీరు మసకబారదు, కాబట్టి ల్యాబ్ మాటే ఖాయం. ఈసీ (ఉప్పు కొలత) 4 దాటి, పీహెచ్ (క్షారగుణం కొలత) 8.5 లోపు, మార్పిడి సోడియం 15 శాతం లోపు ఉంటే పాల చౌడు. దానికి జిప్సం దండగ, మంచినీరు నిలిపి తియ్యడమే వైద్యం. పీహెచ్ 8.5 గానీ సోడియం 15 శాతం గానీ దాటితేనే జిప్సం. ఎంతన్నది పరీక్షలోనే చెబుతారు, అందులో సగం వేస్తే చాలు.

దేనికైనా ముందు మురుగు పోయే దారి ఉండాలి. చెరువు కట్టకూ మీ గట్టుకూ మధ్య మూడడుగుల లోతు బోదె తీయించి డ్రెయిన్‌లో కలపండి, లేకుంటే మీరు కడిగిన ఉప్పు ఊటతో మళ్లీ వస్తుంది. కాలువ నీరు వచ్చాక మడిలో నాలుగైదు అంగుళాలు నిలిపి, వారానికొకసారి పూర్తిగా తీసి, మళ్లీ పెట్టండి. తర్వాత పచ్చిరొట్టగా జీలుగ వేసి కలియదున్నండి. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటండి. చివరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వెయ్యండి, భాస్వరం ఎరువుతో కలపకుండా. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన కేంద్రం ఉంది, నీటి నమూనా కూడా పట్టుకెళ్లండి.

ప్రశ్న: కంకిపాడు దగ్గర ఎకరం పొలంలో అడుగు మట్టి ఇటుక బట్టీకి ఇచ్చాం. ఎన్నేళ్లకు కోలుకుంటుంది?

జవాబు: అడుగు లోతంటే ఎకరాకు సుమారు 1,600 టన్నుల మట్టి. కర్బనం అర శాతమే అనుకున్నా 8 టన్నులు దానితో వెళ్లిపోయింది. పది టన్నుల పశువుల ఎరువులో కర్బనం ఒకటి, ఒకటిన్నర టన్నులు, అందులోనూ ఎక్కువ భాగం ఏడాదిలోనే కరిగిపోతుంది. కాబట్టి ఒకటి రెండేళ్ల మాట మరిచిపోండి. పొలం పల్లమైంది గనుక ముందు నీరు బయటికి పోయే బోదె తియ్యండి. పరీక్ష చేయించిన చెరువు మట్టి తోలి, వరుసగా రెండు తొలకరులకు జీలుగ దున్ని, వరి, మినుము వెయ్యండి. కర్బనం 0.5 శాతానికి చేరేదాకా మిరప, పసుపు జోలికి పోవద్దు. మిగిలిన పొలంలో మట్టి అడిగితే ఇవ్వకండి.