చెంగ్డూకు ఉద్యోగానికి వెళుతున్న అమ్మాయికి పెద్దమ్మ లేఖ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీకు చైనాలోని సిచువాన్ ప్రాంతపు చెంగ్డూలో ఉద్యోగం వచ్చిందనీ, వచ్చే నెలలోనే ప్రయాణమనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను. ఆ ఊళ్లో చాలా ఏళ్లు ఉన్నదాన్ని కనుక, మీ అమ్మ దిగులుపడుతున్న సంగతుల కంటే అక్కడ రోజూ నిజంగా ఎదురయ్యే సంగతులు నీకు చెప్పడం మేలని నా అభిప్రాయం. మొదటి నెలంతా ఇంగ్లీషు తెలిసిన మనిషిని నీకు తోడిస్తామని కంపెనీ వారు అంటారు. పోలీసు స్టేషనుకూ బ్యాంకుకూ ఆసుపత్రికీ ఆ సాయం తప్పకుండా తీసుకో. కూరగాయలు కొనుక్కోవడం, మెట్రో ఎక్కడం, పార్సిల్ తెచ్చుకోవడం వంటి పనులు మాత్రం భాష రాకపోయినా మొదటి వారం నుంచే నీ అంతట నీవే చేసుకో. వీటన్నింటినీ ఇతరులకు అప్పగించిన విదేశీయులు ఎన్నేళ్లున్నా ఆ ఊరికి చుట్టపుచూపుగా వచ్చినవారిలాగే మిగిలిపోవడం నేను చూశాను.

ముందుగా కాగితాల విషయం. హోటల్లో దిగితే నీ వివరాలను వారే పోలీసులకు తెలియజేస్తారు. అద్దె ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల లోపల పాస్‌పోర్టూ అద్దె ఒప్పందమూ తీసుకుని ఆ పేట పోలీసు స్టేషనులో నమోదు చేయించుకోవాలి. ఉద్యోగ వీసాతో దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల లోపల నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. ఈ రెండు గడువులూ 2013 జులై నుంచి అమలులో ఉన్న చట్టంలోనివి కనుక, ‘రేపు చూద్దాంలే’ అనుకోవద్దు. తరువాత ఇల్లు మారినా మళ్లీ నమోదు తప్పదు. పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. చెంగ్డూలో మన కాన్సులేటు లేదు. రాయబార కార్యాలయం బీజింగ్‌లోనూ, కాన్సులేట్లు షాంఘై, గ్వాంగ్‌జౌ వంటి దూరపు నగరాలలోనూ ఉన్నాయి. కాబట్టి పాస్‌పోర్టును బంగారం కంటే భద్రంగా చూసుకో.

మన తెలుగువారి పేర్లు అక్కడ పెట్టే చిక్కు గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, చెల్లింపుల యాప్, రైలు టికెట్టు అన్నీ పాస్‌పోర్టులోని పేరుతోనే ముడిపడి ఉంటాయి. బ్యాంకు గుమాస్తా ఇంటిపేరును చివర వేసి, ఫోను దుకాణంలో ముందు వేస్తే, లేదా ఒకచోట పేరు మధ్య ఖాళీ వదిలి ఇంకొకచోట కలిపి రాస్తే, ఆ రెండింటినీ జోడించబోయినప్పుడు యంత్రం నిన్ను వేరొక మనిషిగా భావిస్తుంది. అందువల్ల ప్రతి కౌంటరు దగ్గరా తెర మీది పేరును అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాకే సంతకం చేయి. వెనుక వరుసలోని వారు విసుక్కున్నా ఫరవాలేదు.

అక్కడ డబ్బంతా ఫోనులోనే నడుస్తుంది. స్థానిక ఖాతా తెరిచే వరకు నీ వీసా కార్డును లేదా మాస్టర్‌కార్డును అలీపే అనే చెల్లింపుల యాప్‌కు జోడించుకో. కొన్ని చిన్న నోట్లు కూడా దగ్గర ఉంచుకో. అక్కడి నెట్‌వర్క్‌లో గూగుల్, వాట్సాప్ పనిచేయవు. అక్కడివారందరూ వాడే సందేశాల యాప్ వీచాట్‌ను మన దేశం 2020 జూన్‌లో నిషేధించింది కనుక, మీ అమ్మతో దానిలో మాట్లాడడమూ కుదరదు. నీ భారతీయ నంబరును అంతర్జాతీయ రోమింగ్‌తో నడుపుతూ ఉంటే దానిలో వాట్సాప్ వస్తుంది, మన బ్యాంకుల ఓటీపీలూ అందుతాయి. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని మీ అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు.

ఇక తిండి సంగతి. సిచువాన్ వారు మనలాగే మిరపకాయను ప్రేమించేవారు కనుక నీకు అక్కడ ఆకలి బాధ ఉండదని అందరూ చెబుతారు. అది సగమే నిజం. వారి వంటలో కారంతోపాటు హువాజియావ్ అనే దినుసు ఉంటుంది. అది నాలుకను మండించదు, తిమ్మిరెక్కిస్తుంది. రెండు వారాలు ఓపిక పడితే అది లేని కూర చప్పగా అనిపిస్తుంది. మన ఇంట్లో గొడ్డు మాంసం తినరు కనుక మరొక విషయం జాగ్రత్తగా గుర్తుంచుకో: మాపో తోఫు పేరుకు సోయా పనీరే అయినా అందులో సంప్రదాయంగా గొడ్డు మాంసపు కైమా వేస్తారు, బల్ల మీద మరుగుతుండగా ముక్కలు ముంచి ఉడికించుకు తినే ఎర్రని హాట్‌పాట్ రసాన్ని చాలాచోట్ల గొడ్డు కొవ్వుతోనే కాస్తారు. నూనెతో కాచినది కావాలంటే ‘చింగ్ యౌ’ అని అడుగు. వంకాయ వేపుడులోనూ చిక్కుళ్ల వేపుడులోనూ పంది కైమా చల్లడం మామూలే కనుక ‘మాంసం వద్దు’ అని వండక ముందే చెప్పు. పూర్తి శాకాహారం కావలసిన రోజున మెట్రో మొదటి లైనులో వెన్‌షు విహారం దగ్గర దిగు. ఆ బౌద్ధ విహారంలోని భోజనశాల నిన్ను నిరాశపరచదు.

సంతకు మాత్రం వారానికి రెండు మూడుసార్లైనా వెళ్లు, వీలైతే ప్రతిసారీ ఒకే దుకాణానికి వెళ్లు. కాకర, నేతిబీర, వంకాయ, తోటకూర, పొడుగు అలసంద కాయలు, కొత్తిమీర, పెసలు అన్నీ దొరుకుతాయి. కందిపప్పు, కరివేపాకు మాత్రం ఆశించవద్దు. ధర చెప్పేది కిలోకు కాదు, ‘జిన్’కు, అంటే అర కిలోకు. నూడుల్స్ దుకాణంలోనైతే ‘లియాంగ్’ లెక్క, అంటే 50 గ్రాములు. నీకు రెండు లియాంగ్‌లు చాలు. నీవు నేర్చుకుని వెళ్లే బీజింగ్ ఉచ్చారణ అక్కడి పెద్దవారి నోట వేరుగా ఉంటుంది. వారి మాటలో ‘నాలుగు’, ‘పది’ అనే మాటలకు గొంతు ఎత్తుపల్లాలలోనే తేడా, కొత్త చెవికి రెండూ ఒక్కటిగానే వినిపిస్తాయి. ఆరు నుంచి పది వరకు ఒంటిచేతి వేళ్లతో చూపే గుర్తులు అందుకే ముందుగా నేర్చుకో. ఒకే ఆమె దగ్గర నెల రోజులు కొంటే ఆమె నీకు ఆకుకూర వండే పద్ధతి చెబుతుంది, గుప్పెడు ఉల్లికాడలు ఊరికే వేస్తుంది. ఏ తరగతిలోనూ రాని భాష నీకు ఆమె దగ్గర వస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడు, అక్కడి వాహనాలు కుడివైపున నడుస్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా కాలిబాట మీదికి కూడా వస్తాయి. లిఫ్టులో ఒకటి అంటే నేల అంతస్తే. అంబులెన్సుకు 120, పోలీసులకు 110. ఆసుపత్రిలో ముందు పేరు నమోదు, తరువాత ప్రతి పరీక్షకూ ముందుగా చెల్లింపు ఉంటాయి. జ్వరంతో ఆ కౌంటర్ల మధ్య ఒంటరిగా తిరగకు, సహోద్యోగిని పిలువు.

శీతాకాలానికి దళసరి దుప్పట్లు కొనుక్కో. చిన్‌లింగ్ కొండలకు దక్షిణాన ఉన్న ఊరు కనుక ఉత్తర చైనాలో మాదిరిగా ఇళ్లకు గొట్టాలతో వేడి అందించే ఏర్పాటు అక్కడ లేదు. చలి పెద్దదేమీ కాకపోయినా తేమ వల్ల ఎముకల్లోకి దిగుతుంది, ఎండ అరుదు. అటువంటి ఆదివారాలు ఇంట్లో కూర్చోకుండా ప్రజా ఉద్యానవనంలోని హెమింగ్ టీశాలకు వెళ్లు. మూత కప్పు టీ ఒకటి తీసుకుంటే మధ్యాహ్నమంతా వేడినీళ్లు పోయించుకుంటూ కూర్చోవచ్చు, లేవమని ఎవరూ అనరు. పక్క బల్ల దగ్గరి ముసలివారు నీ జీతం, నీ పెళ్లి గురించి అడుగుతారు. మన ఊళ్లోనూ అడుగుతారు కదా, నొచ్చుకోకు, తోచినంత చెప్పు.

వసంత పండుగ జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వస్తుంది. సంతలోని వారు చాలామంది సొంత ఊళ్లకు వెళ్లిపోతారు కనుక వారం ముందే బియ్యం, పప్పు, కూరలు నిలవ చేసుకో. రైలు టికెట్లు 15 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి, ఆ రోజే కొనాలి. ఎవరైనా పండుగ భోజనానికి పిలిస్తే మొహమాటపడకుండా పండ్ల పెట్టె తీసుకుని వెళ్లు. గడియారం మాత్రం కానుకగా ఇవ్వకు, అక్కడ అది అపశకునం.

తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాలు, మాంసం, పాల పదార్థాలు కస్టమ్స్ వారు రానివ్వరు కనుక పెట్టెలో పెట్టుకోకు. ప్రయాణం తేదీ ఖరారు కాగానే తెలియజేయి. కందిపప్పూ ఇంగువా సాంబారు పొడీ నేను మీ అమ్మకు పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ