కాటన్ చాపర్ అంటే పత్తి తరిగేది కాదండి

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు అల్లుడుగారు పాత వ్యవసాయ పనిముట్లు పెట్టిన ఒక మ్యూజియం చూపించారు. అందులో గుర్రానికి కట్టి లాగించే ఒక ఇనప యంత్రం ఉంది, చక్రాల మధ్యలో చిన్న చిన్న పార ముక్కల్లాంటివి గుండ్రంగా బిగించి ఉన్నాయి. బోర్డు మీద ‘కాటన్ చాపర్’ అని రాసుంది. చాపర్ అంటే తరిగేది కదా, పండిన పత్తిని ఎవరైనా తరుగుతారా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తరిగేది పత్తిని కాదండి, పత్తి మొలకల్ని. మనం ఒత్తు తీయడం, పలచన చేయడం అంటామే, ఆ పనినే అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ‘చాపింగ్’ అంటారు. పొడుగు కర్ర ఉన్న పారతో సాలు వెంట నడుస్తూ అడ్డంగా కొట్టుకుంటూ పోతారు, పార వెడల్పు మేర మొలకలు, కలుపు రెండూ ఒక్క దెబ్బతో పోతాయి, మధ్యలో ఒకటో రెండో మొక్కలు వదిలేస్తారు. సాలుకీ సాలుకీ మూడు నాలుగు అడుగులు, మొక్కకీ మొక్కకీ దాదాపు ఒక అడుగు.

అసలు అంత ఒత్తుగా ఎందుకు విత్తేవాళ్ళు అంటే, జిన్నింగ్ అయ్యాక, అంటే దూదిని గింజ నుంచి వేరు చేశాక కూడా గింజకి నూగు పట్టుకునే ఉంటుంది, గింజలు ఒకదానికొకటి అతుక్కుని విడివిడిగా పడవు. పైగా వాన పడి ఎండ కాస్తే నేల పైన పొర గట్టిపడుతుంది కదా, ఒంటరి మొలక దాన్ని చీల్చుకుని రాలేదు, పది మొలకలు కలిసి నెడితే వస్తాయి. సొంత గింజే కాబట్టి ఎకరానికి పది కిలోలకు పైనే పోసేసేవాళ్ళు. ఇప్పుడు మనం వేసేది అర కిలో కూడా లేని ప్యాకెట్, పోల్చి చూసుకోండి.

మీరు చూసిన యంత్రం సాలుని మధ్యలో పెట్టుకుని నడుస్తుంది. గుర్రమో, అక్కడ ఎక్కువగా కంచర గాడిదో లాగుతుంటే నేల మీద దొర్లే చక్రం పళ్ళ చక్రాల్ని తిప్పుతుంది, అవి ఆ పార ముక్కల్ని సాలుకి అడ్డంగా తిప్పుతాయి. ఒక ముక్క వచ్చి కొంత సాలు కొట్టేస్తుంది, కొంచెం వదిలేస్తుంది, వెంటనే ఇంకో ముక్క వస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఏంటంటే, గుర్రం తొందరగా నడిచినా నెమ్మదిగా నడిచినా వదిలే మొక్కల మధ్య దూరం మారదు, ఎందుకంటే తిప్పేది నేల మీద చక్రమే కాబట్టి దాని వేగం పెరిగితే పారల వేగమూ దాంతోపాటే పెరుగుతుంది. 1800ల చివరి నుంచి ఇలాంటివాటికి అక్కడ చాలా పేటెంట్లు తీసుకున్నారు.

ప్రశ్న: మరి అంత తెలివైన యంత్రం ఉంటే అన్నేళ్ళు కూలీలు పార పట్టుకుని ఒత్తు ఎందుకు తీశారు?

జవాబు: యంత్రానికి కళ్ళు లేవు కాబట్టి. పది అంగుళాలు కొట్టెయ్, రెండు అంగుళాలు వదిలెయ్ అంటే వదిలేస్తుంది, కానీ ఆ రెండు అంగుళాల్లో ఉన్నది బలమైన మొక్కా, పురుగు కొరికిన మొక్కా, అసలు పత్తేనా గడ్డి మొక్కా అనేది దానికి తెలీదు. మొలక సరిగా రాని చోట ఉన్న నాలుగింటిని కూడా కొట్టేసి అక్కడ బోసి చేస్తుంది. బాగా వచ్చిన చోట మూడు నాలుగు మొక్కల గుత్తి వదిలేస్తుంది, దాన్ని ఒక్కటి చేయడానికి మళ్ళీ మనిషి పార పట్టుకుని వెనకాల రావాల్సిందే.

ఈ పని చేసింది ఎక్కువగా పాలుకి సాగు చేసుకునే నల్లజాతి కుటుంబాలు, పేద తెల్లవాళ్ళు కూడా. మే, జూన్ నెలల్లో పిల్లల్తో సహా ఇంటిల్లిపాదీ చేలోనే ఉండేవాళ్ళు. 1936లో మిసిసిపీలోని స్టోన్‌విల్‌లో రస్ట్ అన్నదమ్ములు పత్తి ఏరే యంత్రం అందరి ముందూ నడిపి చూపించారు, 1940ల్లో అలాంటివి అమ్మకానికీ వచ్చాయి, అయినా ఒత్తు తీయడానికి, కలుపుకి మనిషి చెయ్యే కావాల్సొచ్చేది. 1965 ఏప్రిల్‌లో అదే మిసిసిపీలో షా అనే చిన్న ఊళ్ళో ఈ కూలీలే సంఘం పెట్టుకుని సమ్మెకి దిగారు. అప్పటికి వాళ్ళ కూలి రోజంతా కష్టపడితే 3 డాలర్లు, వాళ్ళు అడిగింది గంటకి 1.25 డాలర్లు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు అవుతుంది, అడిగింది ఎంతని! అది కూడా దక్కలేదు, ఆ టైమ్‌కే కలుపు మందులు వచ్చేసి కూలీల అవసరం తగ్గుతోంది.

చివరికి ఈ చిక్కు తీర్చింది ఇంకో మంచి చాపర్ కాదు, గింజే. యాసిడ్‌తో నూగు తీసేసిన నున్నటి గింజ వచ్చాక లెక్కగా ఒక్కొక్కటే వేసే విత్తే యంత్రాలు పనిచేశాయి, ఎక్కువ పోసి తర్వాత కొట్టేయాల్సిన అవసరమే తగ్గిపోయింది.

మన దగ్గరా పాత దేశవాళీ పత్తికి ఇదే బాధ. మా అమ్మమ్మ గింజల్ని పేడ, మట్టి నీళ్ళలో వేసి అరచేత్తో చాట మీద రుద్దేది, నూగు అణిగి గింజ గొర్రు (విత్తే పనిముట్టు) మీది జడ్డిగంలోంచి, అంటే గింజలు పోసే గిన్నెలోంచి జారాలి కదా, రెండు రోజులు గోళ్ళ సందుల్లో ఆ వాసన పోయేది కాదు. మొలిచాక ఒంగుని ఒత్తు తీసేది, ఎడం చెయ్యి ఉంచే మొక్క మొదట్లో, కుడి చెయ్యి తీసే మొక్క మీద. ఇప్పుడు అచ్చు తోలి, అంటే చేలో సమాన దూరంలో గీతలు గీసి, ఆ గుర్తుల దగ్గర గింజ పెడుతున్నాం కాబట్టి ఆ పని చాలావరకు పోయింది.

ప్రశ్న: ఈసారి కుదురుకి రెండు గింజలు పెట్టాం, రెండూ మొలిచాయి. రెండూ ఉంచేస్తే కాపు ఎక్కువ రాదా? పీకాలంటే మనసొప్పట్లేదు. - ఒక మహిళా రైతు, ఆదిలాబాద్

జవాబు: మనసొప్పదు నిజమేనమ్మా, ప్యాకెట్‌కి పోసిన డబ్బు కళ్ళ ముందు కనబడుతుంటుంది. కానీ రెండూ ఒకే చోట తేమకీ ఎరువుకీ పోటీపడి రెండూ సన్నగా పైకి సాగిపోతాయి, కొమ్మలు సరిగా రావు. విత్తిన 15-20 రోజుల లోపు బలంగా ఉన్నది ఉంచి రెండోది తీసేయండి. పీకొద్దు, పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది, మొదట్లో గోటితో గిల్లేయండి. మొలవని చోట్లకి ఈ మొక్క తీసి నాటదామనుకుంటారేమో, తల్లి వేరు తెగి చాలావరకు బతకవు. ఆ బోసులకి విత్తిన వారం పది రోజుల్లోనే గింజ పెట్టుకోవాలి, లేదా విత్తిన రోజే చిన్న పాలిథిన్ సంచుల్లో కొన్ని గింజలు వేసి ఉంచుకుంటే అదే వయసు మొక్క దొరుకుతుంది, వాన పడ్డ సాయంత్రం చూసి మట్టిగడ్డతో సహా దించేయండి.