చంద్రుడి మీద ధాన్యం బస్తా

తమ్ముడూ,

నీ కథ చదివాను. మండపేట దగ్గర జట్టులో బస్తాలు మోసే కుర్రాణ్ణి తీసుకెళ్ళి చంద్రుడి మీద గోడౌన్‌లో పనికి పెట్టడం భలేగా ఉంది, మనవాళ్ళ సైన్సు కథల్లో హీరో ఎప్పుడూ అమెరికాలో చదివొచ్చినవాడే అవుతున్నాడు కదా, చదివి చదివి విసుగొచ్చేసింది. అయితే రెండో పేజీలో ఆగిపోయాను. 75 కిలోల బస్తా అక్కడ ఆరోవంతే తూగుతుంది కాబట్టి మీవాడు దాన్ని జోరుగా విసిరితే ఎదుటివాడు ఒంటిచేత్తో పట్టుకుని నవ్వాడని రాశావు. ఎత్తడం వరకు నీ లెక్క సరైనదే, మనకిక్కడ పన్నెండున్నర కిలోలు ఎత్తినంత సులువు. పట్టుకోవడం దగ్గర మాత్రం తేడా కొట్టింది. అంత జోరుగా వచ్చే బస్తాని ఆపడానికి ఇక్కడ ఎంత బలం కావాలో అక్కడా అంతే కావాలి. వాడు నవ్వడు, వెల్లకిలా పడతాడు.

ఇది తెలియక రాశావని నేననుకోను, ఎందుకంటే కథ మొదట్లోనే ద్రవ్యరాశి అంటే ఏమిటో, బరువు అంటే ఏమిటో రెండు నిర్వచనాలు దించేశావు. ముందు ఆ పేరా కొట్టెయ్. అవి అందరూ తొమ్మిదో తరగతిలో బట్టీపట్టి, పరీక్ష రాసి మర్చిపోయినవే. పాఠకుడికి కావలసింది ఒళ్ళు ఎక్కడ మోసపోతుందో ఆ చోటు.

అది చూడ్డానికి చంద్రుడి దాకా పోనక్కర్లేదు. లంకలోంచి అరటి గెలలేసుకుని పడవ వస్తుంటే రేవులో కాసేపు నిలబడు. బరువంతా నీళ్ళు మోస్తున్నాయి, పిల్లాడు వేలితో నెట్టినా మెల్లగా కదులుతుంది. కానీ పడవాయన రేవు ఇంకా చాలా దూరం ఉండగానే గెడ వెనక్కి తన్నిపట్టి జోరు తగ్గిస్తాడు, ఆఖర్న తాడు గుంజకేసి రెండు చుట్లు తిప్పి కొద్దికొద్దిగా వదులుతాడు. తేలుతోంది కదా అని ఎవడైనా పడవకీ రాతిమెట్టుకీ మధ్య కాలు పెట్టాడా, ఎముక పిండే. మోయక్కర్లేకపోవడం వేరు, ఆపక్కర్లేకపోవడం వేరు. నీ గోడౌన్ సీన్ మొత్తం ఈ తేడా మీదే నడవాలి.

1969లో చంద్రుడి మీద నడిచిన ఆల్డ్రిన్ కూడా ఇలాంటి సంగతే చెప్పాడు, కాళ్ళు ఒంటి కిందకి తెచ్చుకుని నిలదొక్కుకోవడానికి ఒక్కోసారి రెండు మూడు అడుగులు పడుతోందని. ఆయన సూటూ వీపుమీది సంచీ కలిపి ఇక్కడైతే 80 కిలోల పైమాటే. అక్కడ ఆ మోత తెలియదు గానీ ఒకసారి జోరందుకుంటే ఆ 80 కిలోలూ ఒంటితో పాటే ముందుకు తోస్తాయి. పైగా బరువు ఆరోవంతైతే నేల మీద కాలి పట్టు కూడా దాదాపు ఆరోవంతే. జోరు అంతే ఉంది, బ్రేకు మాత్రం అరిగిపోయింది. దీన్ని వదిలేసి నువ్వు ఎంతసేపూ గెంతులే రాశావు.

ఇంకోటి, మీ గుమాస్తా దేంతో తూస్తున్నాడో తేల్చు. తరాజు అయితే చంద్రుడి మీదా 75 కిలోలే చూపిస్తుంది, రాళ్ళ బరువూ అంతే తగ్గుతుంది కాబట్టి. స్ప్రింగు కాటా అయితే పన్నెండు చిల్లర చూపిస్తుంది. దీంట్లోనే ఓ మంచి మోసం కథ ఉంది, నువ్వు వాడుకోలేదు. అంతెందుకు, భూమ్మీద కూడా అంతటా ఒకటే కాదు. భూమి తిరగడం వల్ల, నడుం దగ్గర కాస్త ఉబ్బి ఉండడం వల్ల ధ్రువాల దగ్గర లాగుడు ఎక్కువ. మన కోనసీమలో సరిచేసిన స్ప్రింగు కాటాని అలాగే ఉత్తర ధ్రువానికి పట్టుకెళితే అదే బస్తా 360 గ్రాముల పైచిలుకు ఎక్కువ తూగుతుంది. కాటాని వాడే చోటే తూకంరాళ్ళు పెట్టి సరిచేస్తే ఆ తేడా పోతుంది, వ్యాపారి సంబరపడక్కర్లేదు. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచాయన పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారాన్ని భూమధ్యరేఖ దగ్గరి కాయెన్‌కి తీసుకెళితే రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. ఈ లాగుడు తేడా మొదట పట్టుబడింది అలాగే.

స్పేస్ స్టేషన్‌లో గురుత్వాకర్షణ లేదని రాసిన వాక్యం తీసెయ్. 400 కిలోమీటర్ల ఎత్తులో ఇక్కడున్న దాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్ళు స్టేషన్‌తో సహా భూమి చుట్టూ పడుతూనే ఉంటారు గనక తేలుతున్నట్టుంటారు, అంతే. అక్కడ కాటా ఎక్కినా సున్నాయే. అందుకని మనిషిని స్ప్రింగు కుర్చీలో కట్టి ఊపి, ఎంతసేపటికి ఒక ఊపు ఊగాడో చూసి ద్రవ్యరాశి లెక్కకడతారు, 1973లో స్కైలాబ్‌లోనే మొదలెట్టారు. లావుపాటి మనిషి నెమ్మదిగా ఊగుతాడు. నీ హాస్యానికి ఇది పనికొస్తుందేమో చూడు.

క్లైమాక్స్‌లో ట్రాలీ బాగుంది, నిజంగా టెన్షన్ పడ్డాను. కానీ దాన్ని ఆపిన ముసలాయన కాళ్ళు దేనికి ఆనించాడో రాయలేదు. ఉత్త నేల మీద నిలబడితే ట్రాలీతో పాటు ఆయనా జారిపోతాడు. వెనక గోడ ఉందో, స్తంభం ఉందో చూసుకుని, ఆ పేజీ మళ్ళీ రాసి పంపు.

ఉంటాను.