బీపీకి ఆకులు వాడతానంటున్న మా అబ్బోడికి

నాయనా,

నీ మెసేజ్ చూశాను. రెండు వారాల తేడాతో రెండుసార్లు చూపించుకున్నా బీపీ 150/96 దగ్గరే ఉందనీ, డాక్టరు టెల్మిసార్టాన్ 40 రాశాడనీ, అది ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే కాబట్టి ముందు ఆకులూ వేర్లతో దించుకుంటే పోదా అనీ అడిగావు. మీ అమ్మ కూడా ఫోన్ చేసి, చిన్నాయన మాటైతే వింటాడు, వాడికి మద్దిచెక్క తెప్పించి పంపు అంది. మీ తాత ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్లకు నాటువైద్యం చేసినవాడు, నేనేమో ఉద్యోగమంతా ఆస్పత్రి మందుల కౌంటర్ వెనక నిలబడి చేసినవాణ్ణి. రెండు వైపులా చూశాను కాబట్టి నీకు నచ్చినా నచ్చకపోయినా చెప్పాల్సింది చెప్తా.

మాత్ర వేసుకో. ఆకులు కూడా వాడుకో, కాకపోతే ఏది కూరలో వేసుకోవాలి, ఏ వేరు జోలికి పోకూడదు అన్నది తెలుసుకుని వాడుకో. ఆకుల్లో ఏముందిలే అని తీసిపారేసే డాక్టర్లంటే నాకు చిరాకు. ఆకే కదా ఏం చేస్తుందిలే అనేవాళ్లంటే మాత్రం భయం. ఒంట్లో పని చేసేది ఏదైనా సరే, మోతాదు తప్పితే చెడు కూడా చేస్తుంది.

సర్పగంధనే తీసుకో, పాతాళగంధి అని కూడా అంటారు. దాని వేరును పాముకాటుకు, నిద్ర పట్టనివాళ్లకు, మతి చెడినవాళ్లకు తరతరాలుగా ఇస్తూ వచ్చారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఇది బీపీని కూడా దించుతోందని రాశారు. 1949లో బొంబాయి గుండె డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో చూసిన ఫలితాలను బ్రిటన్ వైద్య పత్రికలో అచ్చు వేయించాక గానీ బయటి దేశాలవాళ్లు దీన్ని పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ వాళ్లు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందును విడదీశారు. మా కాలంలో అడెల్ఫేన్ అని ఒక బీపీ మాత్ర బాగా నడిచేది, అందులో ఇదీ ఉండేది. అంటే నాటుమందు వద్దు ఇంగ్లీషు మందే కావాలి అనేవాళ్లు కూడా తెలియకుండా నాటుమందునే మాత్రగా మింగారన్నమాట.

మరి ఇప్పుడు దాన్ని ఎందుకు దాదాపు పక్కన పెట్టేశారు? నరాల చివర్లలో నిలవ ఉండే రసాయనాలను అది ఖాళీ చేస్తుంది, దాంతో బీపీ దిగుతుంది. అయితే మనసు హుషారుగా ఉండడానికి కావలసినవి కూడా వాటితోపాటే పోతాయి. బీపీ అంకె చూస్తే బాగుంటుంది, మనిషి మాత్రం దిగులుపడి మూల కూర్చుంటాడు. ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం, కడుపులో పుండు, ఇవన్నీ అదనం. రిసర్పిన్ మోతాదు మిల్లీగ్రాములో పదో వంతు, పావు వంతు లెక్కలో ఉంటుంది. బస్టాండు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాడు చిటికెడు పొడి ఇస్తే అందులో ఎంత ఉందో వాడికీ తెలియదు, నీకూ తెలియదు. చదువుకున్న ఆయుర్వేద డాక్టరు నిన్ను చూసి, నీ మాత్ర సంగతి తెలుసుకుని ఇస్తే అది వేరే మాట. నీ అంతట నువ్వు మాత్రం ముట్టుకోవద్దు.

మీ అమ్మ చెప్పిన మద్దిచెక్క విషయం. తెల్లమద్ది నల్లమలలో వాగుల ఒడ్డున పెరుగుతుంది, దాని బెరడు గుండెకు మంచిదని పాతకాలం నుంచి పేరు. బెరడు పొడిని పాలూ నీళ్లూ కలిపి, నీళ్లు ఇగిరి పాలు మాత్రం మిగిలేదాకా కాచి తాగిస్తారు. గుండెనొప్పి ఉన్నవాళ్లలో దీని మీద కొన్ని పరిశోధనలు జరిగాయి గానీ, బీపీ దించడంలో మాత్ర బదులు పెట్టుకోదగ్గ ఆధారం లేదు. తాగాలని ఉంటే నీ డాక్టరుకు చెప్పి తాగు, నేను అడ్డుపడను. చెట్టు చుట్టూ బెరడు వలిచేస్తే చెట్టే చచ్చిపోతుంది కాబట్టి అడవిలోంచి తెప్పించాలన్న ఆలోచన మాత్రం మీ అమ్మను మానుకోమను.

నన్నడిగితే నీకు అన్నిటికన్నా పనికొచ్చేది మన పెరట్లోనే ఉంది. ఎర్రగోంగూర. ఆకు కాదు, కాయ మీది ఎర్ర రేకులు. పువ్వు రాలిపోయాక కాయ చుట్టూ దళసరిగా, ఎర్రగా, పుల్లగా ఒక తొడుగు పెరుగుతుంది చూడు, చలికాలం మొదట్లో మొక్క నిండా ఉంటాయి, మనం విత్తనానికి వదిలేస్తాం గానీ వాటిని పట్టించుకోం. కాయ అడుగున చాకుతో గుండ్రంగా కోసి, లోపలి పచ్చకాయను వేలితో నెడితే బయటికి వచ్చేస్తుంది, రేకులు చేతిలో మిగులుతాయి. కాయ మీద సన్నటి నూగు గుచ్చుకుంటుంది, జాగ్రత్త. ఆ రేకులను కడిగి నీడన పలుచగా ఆరబెట్టి, గలగలమని ఎండాక సీసాలో పోసుకో. మరిగిన నీళ్లలో కొన్ని రేకులు వేసి మూతపెట్టి ఐదారు నిమిషాలయ్యాక వడగట్టి తాగు. చక్కెర వద్దు, ఉప్పు అసలే వద్దు. అమెరికాలో 65 మందికి ఆరు వారాలపాటు రోజుకు మూడు కప్పుల చొప్పున ఇలాంటిదే ఇచ్చి చూస్తే పై అంకె సగటున ఏడు పాయింట్ల దాకా తగ్గిందని 2010లో రాశారు. వాళ్లెవరూ అప్పటికి బీపీ మాత్రలు వాడడం లేదు, బీపీ కూడా మరీ ఎక్కువ ఉన్నవాళ్లు కాదు. నువ్వు మాత్రతోపాటు తాగుతావు కాబట్టి రోజుకు ఒక కప్పుతో మొదలుపెట్టి అంకెలు చూసుకుంటూ పో. ఇదంతా చదివి గోంగూర పచ్చడి కలుపుకుని తింటే బీపీ తగ్గుతుందని మాత్రం అనుకోకు, ఆ పచ్చడిలో ఉప్పెంత పడుతుందో నీకు తెలుసు.

తెల్లగడ్డ మంచిదే. రెండు పాయలు చితక్కొట్టి పది నిమిషాలు ఉంచి అప్పుడు తిను, అందులో పనిచేసే పదార్థం చితికాకే తయారవుతుంది. రక్తాన్ని కాస్త పలచన చేస్తుంది కాబట్టి పన్ను పీకించుకునే ముందో, ఆపరేషన్ ముందో డాక్టరుకు చెప్పాలి. మునగాకు పప్పులో వేసుకో. గలిజేరాకు కూడా వేసుకోవచ్చు, వానలు పడితే చేను గట్ల మీద తనంతట తానే మొలుస్తుంది, ఒంట్లో నీరు తీస్తుందని మీ తాత కాళ్ల వాపులకు ఇచ్చేవాడు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం దాన్ని రోజూ తినకూడదు.

ఇక వాట్సాప్‌లో తిరిగే వాటిలో కొన్నిటి గురించి నువ్వు అడగకపోయినా చెప్తా. అతిమధురం దగ్గుకు మంచిదని చప్పరిస్తుంటారు, బీపీ ఉన్నవాళ్లకు అది శత్రువు, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి పొటాషియం పోగొట్టి బీపీని పెంచుతుంది. నీ దగ్గు కషాయం ప్యాకెట్ మీద అది ఉందేమో చూసుకో. పొద్దున్నే సొరకాయ రసం తాగుతానంటే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడు. చేదుగా ఉంటే కాయే పారెయ్, చేదు సొరకాయ రసం తాగి రక్తం కక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. గన్నేరు గుండెకు మందని ఎవరైనా అంటే ఆ మాట అక్కడే ఆపించు, పచ్చగన్నేరు గింజలైనా ఎర్రగన్నేరు ఆకులైనా విషమే.

కల్లుప్పు, సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు అన్నీ ఒకటే, అన్నిట్లోనూ సోడియమే. తక్కువ సోడియం ఉప్పని అమ్మేదాంట్లో పొటాషియం కలుపుతారు, నువ్వు వాడబోయే టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియం నిలిపేదే, కాబట్టి డాక్టరును అడక్కుండా అది కొనకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను, అదీ మొత్తం వంటల్లో కలిపి. మన తిండి చూడు. సంగటిలో పెద్దగా ఉండదు, దాని పక్కన ఉండే ఊరుబిండిలో, చింతకాయ తొక్కులో ఉంటుంది. పొద్దున ఎర్రకారం దోసె, మధ్యాహ్నం మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు, సాయంత్రం బొరుగులు, బొరుగులు వేయించేటప్పుడే ఉప్పు పట్టిస్తారు తెలుసా, ఇంక ఆ టీస్పూను ఎప్పుడో దాటిపోయింది. ఊరగాయ పూర్తిగా మానేయమంటే నువ్వు మానవు. ఆదివారం ఒక్కరోజు తిను. ఉగ్గానిలో బొరుగులు బాగా నానబెట్టి పిండి, పైన మళ్లీ ఉప్పు వేయొద్దని నీ పెళ్లాంతో చెప్పు, కాదు, నువ్వే చేసుకో. బరువు కూడా తగ్గాలి, కిలో తగ్గితే దాదాపు ఒక పాయింటు తగ్గుతుందంటారు, నీ పొట్ట చూస్తే కనీసం ఎనిమిది పాయింట్లు అక్కడే ఉన్నాయి.

చేతికి, మోచేతిపైన పట్టీ చుట్టే మిషన్ ఒకటి కొను, మణికట్టుది కాదు. కాఫీ తాగి అరగంట దాటాక, ఒంటేలుకు వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని అప్పుడు చూడు. మాట్లాడకు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు రాసిపెట్టు. ఇంట్లో చూసినప్పుడు 135/85 దాటుతుంటే ఎక్కువున్నట్టే. తల తిరగడం లేదు, నాకేం లేదు అనుకోవద్దు, బీపీకి లక్షణాలు కనిపించాలని లేదు. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పో, ఆయాసమో, మాట తడబడడమో, ఒక పక్క చెయ్యి కాలు లాగేయడమో ఉంటే ఇంక ఆకులూ వద్దు, నాకు ఫోనూ వద్దు, 108కి చెయ్యి.

మాత్ర జీవితాంతమేనా అన్నావు. బరువు, ఉప్పు దారిలో పడి అంకెలు నిలకడగా దిగితే డాక్టరే మోతాదు తగ్గిస్తాడు, కొందరికి ఆపుతాడు కూడా. ఆ నిర్ణయం ఆయన తీసుకోవాలి, నువ్వు పండక్కి ఊరొచ్చినప్పుడు మర్చిపోయి ఆపేయడం కాదు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయిస్తాడు, ఎగ్గొట్టకు. డబ్బులకు ఇబ్బందైతే పీహెచ్‌సీలో బీపీ మాత్రలు ఉచితంగా ఇస్తారు, మన పల్లెలకు 104 బండి కూడా వస్తుంది.

మీ అత్త ఏదో పొడి పంపిందట కదా, డబ్బా మీద పేరు, అందులో ఏమేం కలిపారో రాసి ఉన్న పక్కా ఫోటో తీసి పంపు. ఏమీ రాసిలేకపోతే వాడొద్దు, స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, దానితో బీపీ ఇంకా పెరుగుతుంది. గోంగూర రేకులు మా ఇంట్లో ఎండినవి ఉన్నాయి, మీ చెల్లెలు అనంతపురం వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతా.

మీ చిన్నాయన