ఓనరు అల్లుడికి పని నేర్పాను, తర్వాత మూడేళ్లు అతని కిందే పనిచేశాను

హార్డ్‌వేర్ డిస్ట్రిబ్యూషన్‌లో ఏడేళ్లుగా చేస్తున్నానని, ఓనరు గారి అబ్బాయి డిగ్రీ అవగానే మేనేజరు కుర్చీలో కూర్చున్నాడని, పని నేర్పించే బాధ్యత మీకే ఇచ్చి ఈ ఏడాది జీతం మాత్రం పెంచలేదని రాశారు. ఇంత కోపం రావడం నా తప్పేనా అని అడిగారు. తప్పు కాదండీ. కాకపోతే ఆ కోపం ఎవరి మీదకు పోతుందో చూసుకోవాలి. ఆ విషయంలో నేను ఒక పెద్ద పొరపాటు చేశాను, కాబట్టి నా సంగతి మొత్తం చెబుతాను.

నేను 2008లో గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కుటుంబ వ్యాపారంలో గుమస్తాగా చేరాను. బీకాం చదివాను, జీతం 6,500. అక్కడ సీజను అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా మనిషికి ఇల్లు గుర్తుండదు. పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్లి లాట్లు (అమ్మకానికి వచ్చిన సరుకు కుప్పలు) చూడటం, మధ్యాహ్నం కాటాల దగ్గర నిలబడటం, సాయంత్రం లారీలు కోల్డ్ స్టోరేజీకి పంపి, రాత్రి పదకొండింటికి లెక్కలు రాసుకోవడం. ఏడెనిమిదేళ్లలో కాయ చూసి రకం, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో, నీళ్లు చల్లిన సరుకో కాదో చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఓనరు గారు ఎవరికి పరిచయం చేసినా "వీడు మా ఇంటి మనిషి" అనేవారు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి. వాళ్లమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను, వాళ్లింట్లో పెళ్లికి కార్డులు పంచింది నేను, ఆదివారాలు బ్యాంకు పని లేకపోయినా ఇంటి పని ఉండేది.

2016లో చిన్నల్లుడు గారు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చారు. నాకంటే ఐదేళ్లు చిన్న. చెడ్డవాడని చెప్పను, మర్యాదగానే మాట్లాడేవాడు. నా జీతం అప్పటికి 22,000, ఆయనకి మొదటి నెల నుంచే 60,000. ఆ వోచరు రాసింది కూడా నేనే. "బాబుకి అంతా నేర్పరా" అన్నారు. నేర్పాను. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, మెత్తగా వంగిందంటే లోపల తేమ ఉన్నట్టు, పది పదకొండు శాతం దాటితే కోల్డ్ స్టోరేజీలో పెట్టకూడదు, ఇలా నాకు తెలిసిందంతా చెప్పాను.

రెండో సీజన్లో ఆయన ధర తక్కువకి వస్తుందని 420 టిక్కీలు (మిర్చి బస్తాలు) కొన్నారు. పట్టుకుంటే తేమ చేతికి తెలుస్తోంది. "బాబూ, రెండ్రోజులు ఆరబోయిద్దాం" అన్నాను. స్టోరేజీలో ఖాళీ పోతుందని ఆ రాత్రే ఎక్కించేశారు. ఆగస్టులో ఎగుమతికి తీస్తే సగానికి పైగా బూజు. బూజు పట్టిన సరుకుతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంటుంది, ఎగుమతి పరీక్షల్లో నిలబడదు. అది చివరికి లోకల్‌గా తెగనమ్ముకోవాల్సి వచ్చింది. బస్తాలు మోసే ముఠా వాళ్లు, డ్రైవర్లు, చిన్న గుమస్తాలు అందరూ నిలబడి ఉండగా ఓనరు గారు నన్ను చూసి "వాడు కొత్త, నువ్వు చూసుకోవద్దురా?" అన్నారు. అల్లుడు గారు పక్కనే నిలబడి నేల చూస్తున్నారు. ఒక్క మాట, "ఈయన చెప్పాడు, నేనే వినలేదు" అని అంటే నేను అన్నీ మర్చిపోయేవాణ్ణి. అనలేదు. ఆ దసరాకి నా బోనస్ సగం చేశారు.

అదే ఏడాది మా పాప ఫీజుకి 40,000 అడ్వాన్సు అడిగాను. ఇచ్చారు, ప్రోనోటు రాయించుకుని. ఇంటి మనిషి దగ్గర నోటు రాయించుకుంటారా ఎక్కడైనా? ఆదివారం పని ఉన్నప్పుడు ఇంటి మనిషిని, డబ్బు లెక్క వచ్చేసరికి జీతగాణ్ణి. నన్ను మండించింది అల్లుడి కుర్చీ కాదు, ఈ రెండు నాలుకల లెక్క అని నాకు అర్థం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఈలోగా చేసిన పొరపాటు చెబుతాను. ఒక కొనుగోలుదారుడు చెక్కులిచ్చి నెలల తరబడి తిప్పుతాడని నాకు తెలుసు. అల్లుడు గారు అతనికి అప్పు మీద సరుకు పంపుతుంటే నోరు మూసుకున్నాను. అనుభవిస్తే తెలుస్తుంది అనుకున్నాను. మూడు లక్షలు ఇరుక్కున్నాయి. తిట్లు ఎవరికి పడ్డాయో తెలుసా, ఆ బిల్లు కొట్టిన కుర్రాడికి. ఇరవై రెండేళ్ల వాడు, నాలాగే పల్లెటూరి నుంచి వచ్చినవాడు, జీతంలో కోత పెట్టారు. నెల తిరక్కుండా మానేశాడు. నా కోపం పైకి పోలేదు, కిందవాడి మీద పడింది. దీనికి ఇప్పటికీ బాధపడుతూనే ఉన్నాను. మీ కింద ఎవరైనా చిన్నవాళ్లు ఉంటే ఈ ఒక్కటి మాత్రం చేయకండి.

ఇంట్లో కూడా అంతే. అన్నం దగ్గర కూర్చుంటే ఆ అల్లుడి మాటలే. ఒకరోజు మా ఆవిడ "మన పిల్లల గురించి మాట్లాడేదానికంటే ఆ అబ్బాయి గురించే ఎక్కువ మాట్లాడుతున్నారు మనింట్లో" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నేను రెండు విషయాలు విడదీసుకున్నాను. పెట్టుబడి వాళ్లది, కుర్చీలో ఎవర్ని కూర్చోబెడతారో వాళ్లిష్టం, దాని మీద పోరాడితే నాకే బీపీ. కానీ నా జీతం, నా బోనస్, నేను చేయని తప్పుకి నా మీద నింద, ఇవి నావి. వీటి గురించి నోరు విప్పాలి, అదీ కాగితం మీద. అప్పటి నుంచి ప్రతి లాటుకీ తేమ శాతం ఎంత, నా అభిప్రాయం ఏమిటి అని వాట్సాప్ గ్రూపులో ఒక లైను పెట్టడం మొదలుపెట్టాను. "లాట్ 31, తేమ 13, ఆరబెట్టాలి" అంతే, వాదన లేదు, దెప్పిపొడుపు లేదు. ఇంకోసారి గొడవ వచ్చినప్పుడు ఎవరూ నా వైపు వేలు చూపించలేకపోయారు. మీ దగ్గర స్టాక్, క్రెడిట్ ఉంటాయి కదా, మీరూ అలాగే చేయండి. జీతం గురించి "కాస్త చూడండి సార్" అని అడగకండి, ఇంత కావాలి, ఫలానా నెల నుంచి అని అంకె చెప్పండి. నేను పదకొండేళ్లలో ఒక్కసారీ అంకె చెప్పలేదు, వాళ్లే చూస్తారులే అనుకున్నాను.

2019లో మానేశాను. గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్లు పనిచేసినందుకు మానేసేటప్పుడు ఇవ్వాల్సిన సొమ్ము, అడిగితే "మనలో మనకి గ్రాట్యుటీ ఏమిట్రా" అన్నారు. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. లెక్క ఏమీ కష్టం కాదు: చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి వచ్చే మొత్తం. నాది 26,000, అంటే ఏడాదికి 15,000, పదకొండేళ్లకు 1,65,000. నాకు నియామక పత్రం లేదు. పీఎఫ్ కట్టడం 2010లో మొదలుపెట్టారు కాబట్టి పాస్‌బుక్‌లో తొమ్మిదేళ్లే కనిపిస్తోంది. మొదటి రెండేళ్లకి జీతం చెక్కులు జమైన పాత బ్యాంకు స్టేట్‌మెంటు తీయించి, రాతపూర్వకంగా అడిగి, ఇవ్వకపోతే లేబర్ ఆఫీసుకి వెళ్లాను. రెండుసార్లు పిలిచాక మొత్తం ఇచ్చారు. ఆ చెక్కు ఇస్తూ ఓనరు గారు "నువ్విలా చేస్తావనుకోలేదు" అన్నారు. నాకూ బాధేసింది, పదకొండేళ్ల బంధం కదా. అయినా చెక్కు తీసుకున్నాను.

ఇప్పుడు పనిచేసే చోట కూడా యజమాని గారమ్మాయే పైన ఉంది. నాకంటే జీతం చాలా ఎక్కువ. పోయిన సీజన్లో ఒక లాటు ధర తప్పు వేసి, సాయంత్రం అందరి ముందూ "అది నా లెక్క తప్పండీ" అంది. నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు.

మీరు మానేయాలా వద్దా అన్నది నేను చెప్పలేను, ఇంటి అద్దె, పిల్లల చదువు మీకే తెలుసు. కానీ ఏడేళ్ల సర్వీసు చిన్నది కాదు. ఈ రాత్రికే ఈపీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చేరిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. నియామక పత్రం లేకపోతే అడగండి, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం అది ఇవ్వాల్సిందే. తేదీ తేడా ఉంటే ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోండి. మానేశాక అదే పని కోసం నేను బ్యాంకు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను.