బుజ్జికి, ఆరు నెలల గడువు గురించి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోనులో రెండు కబుర్లు ఒక్క గుక్కలో చెప్పింది. నువ్వు జర్మనీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టబోతున్నావని ఒకటి. అంతకంటే ముందు తన మోకాళ్ళ ఆపరేషన్‌కు వచ్చి, తాను మళ్ళీ మామూలుగా నడిచేదాకా తెనాలిలోనే ఉంటావని రెండోది. మొదటిది విని కళ్ళు చెమర్చాయి. మొన్నమొన్నటిదాకా నా చీర కొంగు పట్టుకుని తిరిగిన పిల్లవు. రెండోది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. పౌరసత్వ పరీక్షకు 310 ప్రశ్నల జాబితా ముందే అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులోంచి 33 ఇస్తారు, 17 సరిగ్గా రాస్తే చాలు. గంట సమయం, రుసుము 25 యూరోలు. వాటిలో మూడు ప్రశ్నలు నువ్వు ఉంటున్న రాష్ట్రం గురించి ఉంటాయి, వాటిని చదవకుండా వెళ్ళకు. దరఖాస్తు రుసుము 255 యూరోలు. జీతం కాగితాలు, ఇంటి అద్దె ఒప్పందం, జనన ధ్రువపత్రం, దాని జర్మన్ అనువాదం అన్నీ ఒకే ఫైలులో పెట్టుకో. జర్మనీలో మూడేళ్ళు ఉంటేనే పౌరసత్వం ఇస్తారని నీ స్నేహితురాలు ఎవరో చెప్పిందట. ఆ దారి 2024 జూన్‌లో తెరిచారు, 2025 అక్టోబరులో మూసేశారు. ఇప్పుడు ఐదేళ్ళే. మా రోజుల్లో ఎనిమిది.

ఇంకొక మాట. 2024 నుంచి జర్మనీ పాత పౌరసత్వం వదులుకోమని అడగడం లేదు కదా, రెండూ ఉంచుకుంటానని మీ నాన్నతో అన్నావట. జర్మనీ అడగదు, నిజమే. మన దేశం ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం, నువ్వు కోరి మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఆ రోజు తరువాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు, దాన్ని కాన్సులేటులో అప్పగించాలి. తరువాత, వేరే దేశ పౌరులైన మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే వీసా లేకుండా ఎన్నిసార్లైనా ఇంటికి వెళ్ళవచ్చు. ఓటు మాత్రం ఉండదు. తాతయ్య పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు కానీ, కొత్తగా ఒక్క సెంటు సాగుభూమి కూడా కొనలేవు. మీ నాన్న పక్క చేను బేరమాడుతున్నాడని విన్నాను. అది నీ పేరున కొనాలనుకుంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి. నా పాస్‌పోర్టు రద్దు ముద్రతో తిరిగి వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. నీకూ అలాగే ఉంటుందని అనను. కానీ ఆ రోజు ఒంటరిగా ఉండకు.

ఇక భాష. ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు, పౌరసత్వానికి కావలసిన బీ1 స్థాయి జర్మన్ పరీక్షకు రెండు నెలల ముందు కూర్చుంటే సరిపోతుంది అన్నావట. ఈ మాటకే నాకు కోపం వచ్చింది బుజ్జీ. పరీక్ష గట్టెక్కుతావు, నీ తెలివి నాకు తెలుసు. నా భయం పరీక్ష గురించి కాదు. సరిగ్గా నీ మాటే నేను 2001లో అన్నాను. దాని ఖరీదు ఎంతో ఇంతవరకు మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పట్లో జర్మనీ కంప్యూటర్ నిపుణులకు గ్రీన్ కార్డు పేరుతో పని అనుమతులు ఇచ్చేది. అలా వచ్చాను. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, దుకాణంలో వేలితో చూపించడం. మూడేళ్ళు అలాగే గడిచాయి. 2004 ఫిబ్రవరిలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. రెండు నెలల సెలవు పెట్టి పరుగెత్తాను. రెండు నాలుగయ్యాయి. జీతం లేని సెలవు ఇచ్చి ఆఫీసువాళ్ళు ఓపిక పట్టారు. మేలో ఒక సహోద్యోగి ఫోను చేసి, "ఆరు నెలలు దాటితే నీ నివాస అనుమతి రద్దవుతుంది, ముందే విదేశీయుల కార్యాలయాన్ని అడిగి గడువు పెంచించుకో" అన్నాడు. అడిగితే ఇస్తారని కూడా చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం తెనాలి బస్టాండు దగ్గర ఐఎస్‌డీ బూత్‌కు వెళ్ళాను. చెప్పవలసిన వాక్యాలు ఇంగ్లీషులో చీటీ మీద రాసుకున్నాను. అవతల ఒక ఆడమనిషి గొంతు పలికింది, అంతా జర్మన్. నేను ఇంగ్లీషులో అడిగాను. ఆమె మళ్ళీ జర్మన్‌లోనే ఏదో నెమ్మదిగా, మర్యాదగానే చెప్పింది. అందులో "ఫ్రిస్ట్" అన్న మాట రెండుసార్లు వినబడింది. ఫ్రిస్ట్ అంటే గడువు. నేను అడగవలసినది అదే, ఆమె అడుగుతున్నదీ అదే. నాకు తెలియలేదు. చెమటలు పట్టాయి, బూత్‌లో మీటరు తిరుగుతోంది, వెనక మనుషులు నిలబడి ఉన్నారు. ఫోను పెట్టేశాను. రేపు చేద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. సిగ్గుపడ్డాను, అంతే.

నాన్నగారు జూలై చివర్లో పోయారు. పెద్దకర్మ అయినాక బయలుదేరి ఉంటే ఆరు నెలల లోపల చేరేదాన్నే. అమ్మమ్మను ఆ ఇంట్లో ఒంటరిగా వదలలేక నెలమాసికం దాకా ఉన్నాను. సెప్టెంబరులో తిరిగి వస్తే విమానాశ్రయంలో ఎవరూ ఏమీ అనలేదు. గండం గడిచిందనుకున్నాను. 2005లో అనుమతి పొడిగించుకోవడానికి వెళ్తే, కౌంటరులో ఒకామె పాస్‌పోర్టు ముద్రలు చూస్తూ పెన్సిల్‌తో నెలలు లెక్కపెట్టింది. తల ఎత్తి "ఎర్‌లోషెన్" అంది. ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. చెల్లకుండా పోయిందని అర్థం. దీపం ఆరిపోవడానికి కూడా వాళ్ళు ఆ మాటే వాడతారట. మనం దీపం ఆరిందని నోటితో అనము, కొండెక్కింది అంటాము. నాన్నగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఎంత ఏడ్చానో మీ పెద్దనాన్నకే తెలుసు.

ఇల్లు సర్ది వెనక్కి వెళ్ళి, కొత్త వీసాతో ఆ ఏడాది చివర మళ్ళీ వచ్చాను. ఎనిమిదేళ్ళ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలయింది. 2009లో కావలసినది 2013 దాటాక గానీ కాలేదు. నాన్నగారి దగ్గర కూర్చున్న ఏ ఒక్క రోజు గురించీ నాకు విచారం లేదు. ఆయన ఎడమచెయ్యి నా చేతిలోనే ఉండేది. పెట్టేసిన ఆ ఫోను గురించే విచారం.

నీ దగ్గర ఉన్నది బ్లూ కార్డు, పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి. దానితో పన్నెండు నెలల దాకా బయట ఉండే వెసులుబాటు ఉందని నువ్వు అంటావు. కార్డు నిలుస్తుంది. పౌరసత్వానికి లెక్కపెట్టే నివాసానికి మాత్రం హద్దు ఆరు నెలలే. అంతకు మించి ఉండవలసి వస్తే, కార్యాలయం ముందే రాసి ఇచ్చిన గడువులోపల తిరిగి వస్తేనే ఆ లెక్క తెగకుండా ఉంటుంది. ఐదేళ్ళు నిండటానికి నీకు ఇంకా కొన్ని నెలలే. ఇప్పుడు తెగితే నా ప్రాణం పోతుంది.

అమ్మ దగ్గరికి వెళ్ళు. వెళ్ళవద్దని నేను ఎన్నడూ అనను. మోకాళ్ళు ఎప్పుడు కుదురుకుంటాయో డాక్టరు కూడా ఖచ్చితంగా చెప్పలేడు, కాబట్టి నాలుగు నెలలే కదా అని ఊరుకోకు. టికెట్టు కొనకముందే ఆస్పత్రి కాగితాలు జర్మన్‌లోకి అనువాదం చేయించు. విదేశీయుల కార్యాలయంలో టెర్మిన్, అంటే కలవడానికి ముందే ఇచ్చే తేదీ, తీసుకో. గడువు కాగితం మీద రాయించుకో, నోటి మాట తీసుకోకు. ఆ కాగితానికి మూడు నకళ్ళు తీసి ఒకటి నాకు పంపు. ప్రయాణాల తేదీలన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టు, ముద్రలు అలికినట్టు పడి చదవలేకపోయిన సందర్భాలు నాకు తెలుసు.

అడగవలసిన వాక్యం ఇది: "ఇష్ బ్రౌఖె ఐనె లెంగెరె ఫ్రిస్ట్." నాకు ఇంకొంచెం ఎక్కువ గడువు కావాలి. ఈ రాత్రి నుంచే అద్దం ముందు నిలబడి చెప్పు. ఆమె ఎందుకని తిరిగి అడుగుతుంది, దానికి జవాబు కూడా నేర్చుకో. ఆదివారాలు నాకు ఫోను చెయ్యి, గంటసేపు జర్మన్‌లోనే మాట్లాడుకుందాం. తప్పులు వస్తే రానీ, నవ్వను.

టెర్మిన్ తేదీ రాగానే చెప్పు. ముందురోజు రైలెక్కి వస్తాను. నీతో లోపలికి మాత్రం రాను, ఆ మాట నువ్వే అడగాలి. బయట బెంచీ మీద కూర్చుని ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ